మోతీలాల్ కారుకు చిక్కం

పాలగుట్ట తండాలో తెల్లవారితే ఎవరి గొడ్ల పని వాళ్లు చూసుకుంటారు. మోతీలాల్ కారు పని చూసుకుంటాడు. రెండు బకెట్ల బోరు నీళ్లు, ఒక పాత ధోవతి, ఇంత సబ్బు నురగ. ముందు అద్దాలు, తర్వాత తలుపులు, ఆఖరికి చక్రాల సందుల్లో వేలు పెట్టి మరీ తుడుస్తాడు. పక్కిళ్లవాళ్లు వేపపుల్ల నములుతూ నిలబడి చూస్తారు. పొద్దున్నే టీవీలో అంత మంచి బొమ్మ రాదు మరి.

మీగడ రంగు కారు అది, విదేశీ కంపెనీది. హైదరాబాద్‌లో ఒక సేటు దగ్గర ఇరవై ఏళ్లు డ్రైవరు పని చేసిన మోతీలాల్, సేటు కొత్త కారు తెచ్చుకున్నప్పుడు ఈ పాతదాన్ని తన కష్టార్జితంతో కొనుక్కుని ఇంటికి వచ్చేశాడు. పాతది అని మనం అనుకోవాలి గానీ అతని ముందు ఆ మాట అనకూడదు. సీట్లు దూదిపరుపుల్లా ఉంటాయి. తలుపు వేస్తే చప్పుడు రాదు. దానికున్న లోపమల్లా ఒక్కటే, కడుపు బాగా కిందికి ఉంటుంది. నేలకూ దానికీ మధ్య బెత్తెడు సందు కూడా లేదు.

ఇక కొడకండ్ల నుంచి తండాకు వచ్చే దారి సంగతి చెప్పాలంటే, ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద, రెండు కాలాల్లోనూ రాళ్లు. మధ్యలో వాగు ఒకటి. ఆటోలవాళ్లు వాగు పేరు చెబితేనే మొహం తిప్పుకుంటారు. తండాలో పదో తరగతి దాటిన ఆడపిల్లల చదువు ఆ వాగు ఒడ్డునే ఆగిపోతుంది. ఆ తర్వాత వాళ్లు పత్తి చేలలో కనబడతారు.

అందుకే ఎండల్లో వాగు ఎండి ఉండగా, దారి పొడుగునా రాళ్లు ఏరుకుంటూ కారు తెచ్చిన రోజు ఊళ్లో హోటల్ దగ్గర ఒకటే నవ్వులు. తినడానికి తిండి లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అన్నారు. ఈ గుంతలకు అంత కారు ఎందుకు, దాన్ని అమ్మి ట్రాక్టరన్నా కొనుక్కోరాదా అన్నారు. మోతీలాల్ వినీ విననట్టు కారు అద్దం తుడుచుకున్నాడు. ఇరవై ఏళ్లపాటు పొద్దున్నే సేటు పిల్లలను చదువులకు దింపిన మనిషి అతను. సేటు కూతురు వెనక సీట్లో కూర్చుని ఫోను చూసుకుంటుంటే, ముందు అద్దంలో అతనికి తన కూతురు మేఘన కనబడేది. ఆ మేఘనకు ఇప్పుడు కొడకండ్ల కాలేజీలో సీటు వచ్చింది. పోతే ఆ వెనక సీట్లోనే కూర్చుని పోవాలి. పంతమనండి, పొగరనండి, ఒక తండ్రి ఏళ్ల తరబడి అద్దంలో చూసుకుని పెంచుకున్న ఆశ అది.

కారు ఇంటి ముందు ఆగినప్పుడు హారతి పట్టింది అతని తల్లి గంగి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాలని ఆమెకు తెలియదు. ఆ ఇంట్లోకి అంతవరకు కొత్తగా వచ్చినవి ఎడ్లూ కోడళ్లే. కోడలు కాదు కాబట్టి ఎద్దనే అనుకుంది. రెండు పక్కలా ఉన్న అద్దాలు చెవుల్లా కనిపిస్తే వాటికి పసుపు రాసింది. ముందు భాగానికి గవ్వల పట్టెడ కట్టింది. నానబెట్టిన తవుడులో బెల్లం కలిపి ముందర పెట్టింది. ఆ తర్వాత కుడి అద్దం దగ్గర నోరు పెట్టి, తాతముత్తాతలు బిడారులతో ఉప్పూ ధాన్యమూ మోసిన కాలంలో ముందు నడిచిన ఎడ్ల పేర్లన్నీ లంబాడీ మాటల్లో చెప్పింది. చెప్పడం అయ్యాక చూస్తే గిన్నెలో తవుడు లేదు.

అప్పటి నుంచి కారు కొట్టంలో ఎడ్ల పక్కనే ఉంటోంది. ఈగలు వాలితే అద్దాలు విదిలిస్తుంది. ఎండ ముదిరితే తనే నీడలోకి జరుగుతుంది. ఒక బకెట్ కుడితి చూపించందే పెట్రోలు మూత తీయనివ్వదు. మోతీలాల్ భార్య రాజీకి ఇందులో ఒక్కటే అభ్యంతరం, నీళ్ల తొట్టి దగ్గర అది మిగతా గొడ్లను నెట్టేస్తుంది.

వానలు మొదలయ్యాక మోతీలాల్ దాన్ని మొదటిసారి కొడకండ్లకు తీశాడు. వాగు దాకా కూడా పోలేదు. ఒక రాయి దగ్గర కుడికి కోశాడు, గుంత దగ్గర ఎడమకు కోశాడు, ఆ రెండిటి మధ్య నక్కి ఉన్న మరో రాయి కడుపులో దిగింది. నూనె కారిపోయింది. ట్రాక్టరుకు తాడు కట్టి లాక్కొస్తుంటే ఊరు ఊరంతా దారి పక్కన నిలబడింది. ఇరవై ఏళ్లలో ఒక్క గీత పడనివ్వని డ్రైవరు స్టీరింగు పట్టుకుని తల వంచుకుని కూర్చున్నాడు.

గంగి దెబ్బ తగిలిన చోట పసుపూ ఆముదమూ కలిపి పట్టు వేసింది. మర్నాడు కొడకండ్ల నుంచి వచ్చిన మెకానిక్ కిందికి దూరి, టార్చి వేసి చూసి, పుండు మానుతోందనీ రెండు రోజులు పని చెప్పొద్దనీ చెప్పి, టీ తాగి వెళ్లిపోయాడు.

రాజీకి మాత్రం ఓపిక అయిపోయింది. సోమవారం కాలేజీ మొదలు. భర్త ఇరవై ఏళ్లు పట్నంలో ఉంటే ఆ పిల్లను సాకి చదివించింది ఆమె. ఆ చదువు ఒక కారు సోకు కోసం వాగు పాలైతే ఊరుకోనంది. జీపులాంటిది ఏదైనా పాతది కొనమంది, అదీ కాకపోతే మోటారుసైకిలు కొనమంది.

"గీ తొవ్వకు గసుంటి కారెందుకయ్యా?" అని అడిగింది చివరికి.

"నున్నటి రోడ్డు మీద డొక్కు బండి గూడ నున్నగనే పోతది రాజీ. మెత్తటి సీటు అక్కెరున్నది గీ గుంతల తొవ్వకే," అన్నాడు మోతీలాల్.

మాట బాగానే ఉంది గానీ కారు కొట్టంలో ఉంది. సోమవారం దాకా చూసి అమ్మేద్దామని రాజీ గట్టిగా చెప్పింది, మోతీలాల్ ఒప్పుకున్నాడు. ఒప్పుకుని పోయి కారు పక్కన కూర్చున్నాడు. మేఘన కొత్త బ్యాగును గోడకు తగిలించి, ఏమీ అడగకుండా, తల్లి వెనక చేనుకు వెళ్లింది. కూతురు అడగకపోవడమే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

గంగి వచ్చి కొడుకు పక్కన కూలబడింది.

"నువ్వు పగ్గం గుంజుతున్నవ్ కొడుకా. ముందెద్దుకు పగ్గముండదు."

బిడారులో అన్నిటికన్నా ముందు నడిచే ఎద్దుకు ముక్కుతాడు వేసేవాళ్లు కాదట. అది అడుగు వేసిన చోటే బాట. అది ఆగిన చోట అందరూ ఆగవలసిందే. ఎత్తు నిండకపోతే, అంటే మొయ్యాల్సిన బరువు ఇంకా మిగిలి ఉంటే, అది కదలదు. మోతీలాల్‌కు ఈ కథ చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా స్టీరింగు వదలమంటే డ్రైవరు ప్రాణం ఒప్పుకుంటుందా? ఆ రోజంతా ఒప్పుకోలేదు. మర్నాడు పట్టు విప్పి చూస్తే పుండు పూర్తిగా మానింది. తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని ఇంజను వేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ చేతులను ఏం చేయాలో తెలియక గోళ్లు చూసుకున్నాడు.

కారు కొట్టంలోంచి మెల్లగా బయటికి వచ్చింది. రోడ్డెక్కి నాలుగు అడుగులు నడిచి, వాసన చూసి, రోడ్డు దిగిపోయింది. గుట్ట అంచున తుమ్మచెట్ల మధ్య నుంచి, రాయి వచ్చిన చోట కడుపు పైకి ఎత్తి, బురద వచ్చిన చోట ఒక్కో చక్రాన్ని ఆచితూచి వేసి నడిచింది. లోపల కూర్చున్న గంగికి తమలపాకు నమలడంలో కూడా తేడా రాలేదు. వాగు సన్నగా, బండరాతి మీదుగా పారే చోటు ఒకటి అక్కడ ఉందని మోతీలాల్‌కు ఇన్నాళ్లూ తెలియదు. దాన్ని దాటితే ఓదెలు పత్తి చేను. చేను దాటితే కొడకండ్ల తారురోడ్డు.

ఆ చేను గట్టు మీద ఓదెలు నిలబడి ఉన్నాడు. పక్క ఊరి రైతు, మాటకు కరుకు మనిషి. అతని వెనక కూతురు సౌందర్య కలుపు తీస్తోంది. మేఘనా సౌందర్యా పదో తరగతి దాకా ఒకే బెంచీ. మార్కులు సౌందర్యకే ఎక్కువ. కానీ ఆ తారురోడ్డు మీద బస్సు ఇక్కడ ఆగదు, కొడకండ్ల దాకా ఆడపిల్లను ఒంటరిగా నడిపించే ధైర్యం ఓదెలుకు లేదు. చదువు చాలన్నాడు, పిల్ల కొడవలి పట్టుకుంది. అందులో అతని తప్పు ఎంతో, దారి తప్పు ఎంతో తేల్చడం కష్టం.

"ఓదెలన్నా, జర తొవ్వియ్యి. సోమారం మా బిడ్డ కాలేజికి పోవాలె," అన్నాడు మోతీలాల్.

"సర్కారు రోడ్డు ఉన్నది గద, గాడికెల్లి పో. మొక్క జానెడున్నది. నీ కారు మేస్తే నాకెవలిస్తరు?"

న్యాయమైన మాటే. పశువన్నాక పచ్చటి చేను చూస్తే నోరు ఊరుకోదు. కారును వెనక్కి మళ్లించుకుని ఇంటికి వచ్చాక గంగి నులక తాడుతో పెద్ద చిక్కం అల్లింది. సాళ్లలో కలుపు దంతె తోలేటప్పుడు పైరు మేయకుండా ఎడ్ల మూతికి కడతారే, అలాంటిదే, కాకపోతే మంచమంత. ముందు దీపాల నుంచి కింద దాకా పట్టేలా దాన్ని కారు మూతికి కట్టింది.

సోమవారం పొద్దున మేఘన తలకు నూనె పెట్టి రెండు జడలు వేసుకుని వెనక సీట్లో కూర్చుంది. ముందు గంగి, స్టీరింగు వెనక చేతులు కట్టుకుని మోతీలాల్. రాజీ ఎక్కలేదు. ట్రాక్టరు తాడు భుజాన వేసుకుని వెనక నడిచింది, ఎందుకైనా మంచిదని.

చేను దగ్గర ఓదెలు దారికి అడ్డంగా కంప వేసి ఉంచాడు. కారు చిక్కం కట్టిన మూతితో కంపను పక్కకు నెట్టి లోపలికి నడిచింది. చక్రాలు సాళ్ల మధ్య పడ్డాయి. కడుపు పత్తి మొక్కల మీదుగా, ఆకును ఆకు మీద ఉంచుతూ పోయింది. ఓదెలు కర్ర పట్టుకుని పరిగెత్తుకు వచ్చాడు. వెనకాలే ఒక్కో మొక్కనూ వంగి చూసుకుంటూ వచ్చాడు. ఒక్కటి విరగలేదు. తిట్టడానికి ఏమీ దొరక్కపోయేసరికి అతని కోపం ఇంకా పెరిగింది.

అంతలో చేను నడుమ కారు ఆగింది.

మోతీలాల్ దాన్ని అదిలించాడు, బతిమాలాడు, నాలుకతో చప్పుడు చేశాడు. కదల్లేదు. అవతల తారురోడ్డు కనబడుతోంది, బస్సు హారను వినబడుతోంది. మేఘన కిటికీలోంచి రోడ్డు వైపే చూస్తోంది. చేతులు మళ్లీ స్టీరింగు మీదికి పోతుంటే గంగి వాటి మీద తన చెయ్యి వేసింది.

"ఆగు. ఎత్తు నిండలే. ఎవలో మిగిలిన్రు."

కారు తల తిప్పింది. రెండు సాళ్లు అడ్డంగా దాటి, కొడవలి పట్టుకుని నిలబడిన సౌందర్య ముందుకు పోయి, ముందు చక్రాలు రెండూ మడిచి కిందికి వంగింది. వీపున ఎక్కే పిల్ల కోసం ఎద్దు వంగినట్టే వంగి, అలాగే ఉండిపోయింది.

 సౌందర్య కారును చూడలేదు, కిటికీలో ఉన్న మేఘననూ చూడలేదు, తండ్రిని చూసింది. ఓదెలు కర్ర నేలకు ఆనించాడు. తండా వాళ్ల కారులో తన బిడ్డ ఎక్కడమేమిటన్న మాట అతని నోటి దాకా వచ్చే ఉంటుంది. ఊళ్లో ఏమంటారోనన్నది కూడా. కానీ తను వద్దన్న రోజున ఈ పిల్ల ఎదురు చెప్పకుండా అన్నం పళ్లెం కడిగి లోపలికి వెళ్లిపోయిన సంగతి, పాపం, అతనూ మరిచిపోలేదు.

"పోతవా బిడ్డా?" అన్నాడు.

 ఆ పిల్ల చేతిలోని కొడవలి అప్పటికే సాలులో పడి ఉంది.

సౌందర్య మోకాళ్ల దాకా బురద. కాళ్లు కడుక్కొస్తానని నీళ్ల కోసం వెతుకుతుంటే మోతీలాల్ దిగి వచ్చాడు. వెనక తలుపు తీసి, తల తగలకుండా పైన చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు. సేటు పిల్లలకు అట్లా నిలబడిన రోజుల్లో అది నౌకరీ. ఇప్పుడు అతని ఛాతీ రెండింతలైంది.

"బురద నేను కడుక్కుంట తియ్యి. నువ్వెక్కు బిడ్డా, యాళ్లయితున్నది."

ఇద్దరు పిల్లలు ఎక్కాక కారు లేచి నడిచింది, తారురోడ్డు దాకా ఎక్కడా ఆగలేదు. రాజీ తాడు అక్కడే గట్టున పడేసి, కొంగుతో కళ్లు తుడుచుకుని, ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసింది. ఓదెలు చూశాడు. చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు. కాలేజీలో సీట్లు ఇంకా ఉన్నాయట, సౌందర్య పేరు ఆ రోజే రాసుకున్నారు.

మధ్యాహ్నం ఓదెలు చేలోకి దిగి, చక్రాలు నడిచిన చోట రెండు సాళ్ల పత్తిని తన చేత్తోనే పీకి గట్టున వేశాడు. కారు ఒక్కదానికైతే ఆ అవసరం లేదు. ముందెద్దు నడిచిన బాటన వెనక ఆటోలు కూడా వస్తాయని అతనికి ఎవరూ చెప్పలేదు, తనకే తోచింది.

సాయంత్రం అటుగా వచ్చిన మేకల బేరగాడు తన మందను ఆ కొత్త బాట మీద తోలుతుంటే ఓదెలు అడ్డం పోయి, మేకలన్నిటినీ గట్టు పక్కకు కొట్టించాడు. అవతల తారురోడ్డు దిగి, మూతికి చిక్కంతో, పిల్లల నవ్వులతో కారు నిదానంగా వస్తోంది. బేరగాడు నోరు తెరుచుకుని చూసి, అంత ఖరీదైన కారు ఈ చేలల్లో ఎవరిదని అడిగాడు.

ఓదెలు రుమాలు దులిపి తలకు చుట్టుకున్నాడు.

"మా బిడ్డలది," అన్నాడు.