తొంభై ఎనిమిది డిగ్రీలు

ప్రాసెసర్ తొంభై ఎనిమిది డిగ్రీల దగ్గర ఉడికిపోతోందని తెర మీద ఎర్రటి అంకెలు చెబుతుండగానే, లిగాయా తన చేత్తో బిగించుకున్న కొత్త కంప్యూటర్ ఆమె కళ్లముందే చటుక్కున ఆరిపోయింది.

ఇలా ఆరిపోవడం మూడోసారి. దానికింకా ఏ పనీ చెప్పలేదు. ఊరికే ఆన్ చేసింది, అంతే.

ఆమెకు ఈరోజే భోజనాలయ్యాక పరీక్ష ఉంది. ఇంట్లోనే కూర్చుని కస్టమర్ల ఫిర్యాదులు వినే ఉద్యోగం. కంపెనీవాళ్లు ఒకే షరతు పెట్టారు. సొంత కంప్యూటర్ ఉండాలి, వాళ్లు చూస్తుండగా అది గంటసేపు ఆగకుండా నడవాలి. నడిస్తే ఉద్యోగం వస్తుంది. ఆగితే బీరువాలో ఉన్న రియాద్ ఉద్యోగం కాంట్రాక్టు మీద సంతకం పెట్టి, లోలోని పక్కింటివాళ్లకి అప్పజెప్పి విమానం ఎక్కాలి.

లోలో అంటే తాత. దెల్ఫిన్ ఆయన పేరు. కుబావ్ దారిలో ఒళ్లు హూనమయ్యేదాకా జనాన్ని ఎక్కించుకునే జీపు, జీప్నీ నడిపిన మనిషి. ఇప్పుడు ముందుగదిలో సోఫా మీదే ఆయన కాపురం. దుకాణం నుంచి వచ్చిననాటి ప్లాస్టిక్ తొడుగు ఆ సోఫాకి ఇంకా అలాగే ఉంది. టీవీ రిమోట్ కూడా రబ్బరు బ్యాండు చుట్టిన ప్లాస్టిక్ సంచిలోనే బతుకుతోంది.

సోఫా కిర్రుమంది. "ఏమైందే గాయా?"

"వేడెక్కిపోతోంది లోలో."

"రేడియేటర్లో నీళ్లు చూశావా?"

"దీనికి రేడియేటర్ ఉండదు."

"రేడియేటర్ లేని బండి నీకెవడు అమ్మాడే?"

ఆమె దగ్గర ఆ ప్రశ్నకు జవాబుంది. విడి సామాన్లు అమ్మింది బాదోంగ్. పెద్దమ్మ కొడుకు, ఆమె 'కూయా' అని పిలిచే అన్న. గిల్మోర్ వీధిలో కంప్యూటర్ సామాన్ల దుకాణం నడుపుతాడు. అన్నీ కొత్తవే ఇచ్చానని దేవుడి మీద ఒట్టేశాడు. ఆ ఒట్టు ఇప్పుడు గుర్తొచ్చేసరికి అనుమానం పాములా తలెత్తింది. ఫోన్ తీసింది.

"కూయా, నిజం చెప్పు. ఎవరో వాడి పారేసిన ప్రాసెసర్ నాకు అంటగట్టావు కదూ?"

అవతల బాదోంగ్ గొంతు లేచింది.

"అంటగట్టాలనుకుంటే ముందు మా అత్తగారున్నారు, నీదాకా ఎందుకొస్తాను? దేన్నీ ముట్టుకోకు. వస్తున్నా."

బాదోంగ్ హెల్మెట్ తియ్యకుండానే లోపలికొచ్చాడు. మొహం మాడిపోయి ఉంది. స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి, పోలీసు ఇన్‌స్పెక్టర్‌లా కుర్చీ లాక్కున్నాడు.

"మొదట్నుంచి చెప్పు. ఏది ముందు చేశావు?"

"సామాను ముట్టుకునే ముందు పెట్టె ఇనుము మీద చెయ్యి పెట్టాను, ఒంట్లో కరెంటు పోవాలని. మదర్‌బోర్డుని దాని అట్టపెట్టె మీదే పరిచి, అన్నీ బయటే బిగించాను."

"ప్రాసెసర్?"

"మూల మీద త్రిభుజం గుర్తు చూసి, దానంతటది కూర్చునేలా వదిలాను. నొక్కలేదు."

"ర్యామ్?"

"రెండు వైపులా టక్కుమనేదాకా నొక్కాను."

"ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు ఎంత పెట్టావు?"

"బియ్యపు గింజంత. ఏ బియ్యమని కూడా అడుగుతావా?"

"జిగురు బియ్యం గింజ లావుగా ఉంటుందే తల్లీ, అందుకే అడగాలి." నవ్వు రాబోయి ఆగింది అతనికి. "సరే. ప్రాసెసర్ నెత్తిన పెట్టే కూలర్. దాని అడుగున రాగి మీద ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఒలిచావా?"

"ఒలిచాను."

"గ్యారంటీగా?"

"నా గోరుతో ఒలిచాను కూయా! పొర తియ్యమని దాని మీదే ఎర్రగా రాసుంది. తీసి కూలర్ని వెల్లకిలా పెట్టాను. ఇంతలో అన్నం పొంగితే వంటింట్లోకి పరిగెత్తాను. వచ్చి బిగించేశాను."

బాదోంగ్ స్క్రూలు విప్పి కూలర్ని పైకి లేపాడు. దాని అడుగు చూసి, ఆమె వైపు తిప్పాడు.

ప్లాస్టిక్ పొర రాగి మీదే ఉంది. దానిమీద పేస్టు బూడిద రంగులో పులుముకుని ఉంది. వేడి పైకి పోయే దారి లేక ప్రాసెసర్ తనలో తనే ఉడికింది.

"ఒలిచావా?" అన్నాడతను మెల్లగా.

లిగాయా వంగి చూసింది. పొర మూల కాస్త చిరిగి ఉంది. ఆ చిరుగు ఆమెకు తెలుసు. లాగుతున్నప్పుడు తన గోరుకే చిరిగింది. తను తీసిన పొరే ఇది. ఎవరో మళ్లీ ఒక్క బుడగ కూడా లేకుండా, ఎంతో శ్రద్ధగా అతికించారు.

"అయితే ఇంట్లో దయ్యం ఉంది," అన్నాడు బాదోంగ్.

దయ్యం మాట ఎత్తితే లోలో ఊరుకునే మనిషి కాదు, జీపులో ఎక్కిన దయ్యం కథ మొదలెడతాడు. ఇప్పుడు సోఫా కిర్రుమని కూడా అనలేదు.

ఆలోచించే వ్యవధి లేదు. బాదోంగ్ పొర పీకేశాడు. పాత పేస్టుని స్పిరిట్‌తో తుడిచి, కొత్తగా గింజంత పెట్టి, ఎదురెదురు మూలల స్క్రూలు కొంచెం కొంచెంగా బిగించాడు. ఆన్ చేశారు. తెర మీద ముప్ఫై ఆరు కనిపించింది. చూస్తూ ఉంటే ముప్ఫై ఏడైంది, అక్కడే నిలబడింది.

పరీక్ష మొదలైంది. తెర మీద కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ కనిపించి, ఫైళ్లు తెరవమంది, మూయమంది, కోపమొచ్చిన కస్టమర్‌లా నటిస్తూ తిట్టింది కూడా. లిగాయా నవ్వు చెరగకుండా జవాబులిచ్చింది. ఓసారి పక్కచూపుకి లోలో కనిపించాడు. ప్లాస్టిక్ చప్పుడవుతుందని కాబోలు సోఫా మీంచి లేచి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. పరీక్ష అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు.

"సోమవారం నుంచి వచ్చెయ్యండి," అందావిడ. "అంటే, ఇంట్లోనే ఉండండి."

తెర మూసి లిగాయా ముఖం చేతుల్లో దాచుకుంది.

"ఏడుపు తర్వాత," అన్నాడు బాదోంగ్. "ఫోన్లో నన్ను దొంగని చేశావు. జరిమానా కట్టు. అరటిపండు చుట్టి వేయించిన వేడివేడి తురోన్లు, పళ్లెం నిండా."

"క్షమించు కూయా. తీశాననుకుని నేనే మర్చిపోయుంటాను. తప్పు నాదే."

లోలో గోడ వదిలి బల్ల దగ్గరికొచ్చాడు. టోపీ తీసి గుండెలకి ఆనించుకున్నాడు.

"నీది కాదే గాయా. వాడిదీ కాదు. నేనే అతికించాను. నువ్వు అన్నం దించడానికెళ్లావు. చూద్దును కదా, రాగి అద్దంలా మెరుస్తూ ఒంటి మీద గుడ్డ లేకుండా పడుంది. దాని పొరేమో బల్ల కింద. తొందర్లో ఊడిపోయిందేమో పాపం అనుకుని, చొక్కాకి తుడిచి, బొటనవేలితో నొక్కి నొక్కి అతికించాను. నా జీపు సీట్లు నేనట్టా చూసుకున్నవే కదా. పాతబండ్లు రోడ్డు మీద ఉండకూడదని సర్కారువాళ్లు దాన్ని ఈడ్చుకెళ్లిన రోజు కూడా ప్లాస్టిక్ కింద రెక్సిన్ ఎర్రగా, కొత్తగా ఉంది. ఈ కంప్యూటరుంటే నేనెక్కడికీ వెళ్లక్కర్లేదు లోలో, అన్నావు నువ్వు. అట్టాంటిదాని మీద గీత పడనిస్తానా? వీడు పొర అనగానే నాకు తెలిసిపోయింది. నోరు పెగల్లేదు. వీణ్ని నువ్వు అనుమానించావని తెలిసీ దొంగలా కూర్చున్నాను. రిమోట్ మీది సంచి ఇప్పుడే పీకేస్తాను, ఒట్టు. సోఫా జోలికి మాత్రం రాకండి."