ప్రూయిట్ తొడ, క్లెమ్ నడుము

స్టేడియం పక్కనున్న పార్కింగ్ స్థలంలో ఇరవై రెండేళ్లుగా మేం ముగ్గురం ఒకే మూల చేరేవాళ్ళం. బస్సు నడిపే వర్జిల్, క్లెమ్, నేను. అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఒంటి గంటకైనా పొద్దున తొమ్మిదికల్లా నా ట్రక్కు వెనక తలుపు దించి, పొయ్యి వెలిగించి, సాసేజీలు కాల్చడం మొదలుపెట్టేవాళ్ళం. కొన్నేళ్ళుగా క్లెమ్ ఎక్కువసేపు నిలబడలేడు. అందుకని మడత కుర్చీలో కూర్చుని, చిల్లీ అనే మాంసం చిక్కుళ్ళ కూర గిన్నె కలుపుతుండేవాడు. మాకిద్దరికీ పాత పరిచయం. బ్రేకులు తయారుచేసే ఫ్యాక్టరీలో నేను ఫోర్‌మన్‌ని, అతను నా లైన్‌లో పనివాడు. ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలమైంది.

నవంబర్ చివరి ఆదివారం. సరస్సు మీంచి వచ్చే గాలికి చెవులు తెగిపోతున్నాయి. అంతకంటే ఎక్కువగా నేను మండిపోతున్నాను. మా జట్టులో అవతలివాళ్ళు విసిరే బంతుల్ని అడ్డుకునే కార్నర్‌బ్యాక్ డాషాన్ ప్రూయిట్ తొడ కండరం దెబ్బతిని అయిదు మ్యాచులుగా బయట కూర్చున్నాడు. ఆ అయిదింటిలో నాలుగు ఓడాం. ఆ రోజు కూడా ఆడేదీ లేనిదీ చివరి నిమిషంలోగాని తెలియదని రేడియోలో చెప్పారు.

"ఇంకో జట్టుకి అమ్మి పారెయ్యాలిరా వాణ్ణి," అన్నాను.

"నీకు మతిపోయింది," అన్నాడు వర్జిల్. "వాడుంటే అవతలోళ్ళు ఆ వైపు బంతి విసరడానికే జంకుతారు. సగం మైదానానికి వాడొక్కడే తాళం వేస్తాడు. వాడు లేకపోయేసరికి నాలుగు ఓడామా లేదా? ఇంకేం సాక్ష్యం కావాలి?"

"అయితే ఈ సీజన్‌లో వాడు పట్టిన బంతులెన్ని? ఒక్కటి!"

"వాడి వైపు విసిరితే కదరా పట్టడానికి!"

"వెచ్చగా కోటు కప్పుకుని బెంచీ మీద కూర్చున్నవాడికి విలువేంట్రా? కాలు పట్టేసిందట, కాలు! మా అమ్మకి రోజూ పట్టేసేది. అలాగే రెండు షిఫ్టులు చేసింది."

"పట్టెయ్యడం కాదు. చిరిగింది," అన్నాడు క్లెమ్, గిన్నెలోంచి తలెత్తకుండానే.

"చిరిగితే ఏం? ఇంజెక్షన్ పొడిపించుకుని దిగాలి. రెండు వారాలు పళ్ళు బిగబడితే సరిపోతుంది. వాడొక్కడి కోసం మిగతావాళ్ళంతా చావాలా?"

క్లెమ్ గరిటె పక్కన పెట్టాడు.

"మళ్ళీ అను."

"ఏంటి?"

"ఇప్పుడన్న మాట మళ్ళీ అను. నా వంటింట్లో కూర్చుని, మా ఆవిడ పెట్టిన కాఫీ తాగుతూ అచ్చం ఇదే అన్నావు. ఇంజెక్షన్. రెండు వారాలు. నీ ఒక్కడి కోసం మిగతావాళ్ళు చస్తున్నారు. ఒక్క ముక్క కూడా మార్చలేదు కదరా నువ్వు!"

పదకొండేళ్ల కిందటి సంగతి అది. ఇనుప దిమ్మెలు ఎత్తుతుంటే క్లెమ్ నడుము పట్టు తప్పింది. తొమ్మిదో రోజున నేనే అతన్ని మళ్ళీ లైన్ మీదకి తెచ్చాను. మూడు రోజులకి అక్కడే కుప్పకూలాడు. రెండు ఆపరేషన్లయ్యాయి. ఇక పనికి వెళ్ళనే లేదు.

"పైవాళ్ళు నా మెడ మీద కూర్చున్నార్రా," అన్నాను. "రానని చెప్పొచ్చుగా నువ్వు?"

"చెప్పాను! రెండుసార్లు చెప్పాను!" మొహం ఎర్రబడిపోయింది అతనికి. పక్క బండ్ల వాళ్ళు ఇటు తిరిగారు. "నన్ను సిగ్గుపడేలా చేసి లాక్కెళ్ళావు నువ్వు!"

అక్కడ నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు.

"పదకొండేళ్ల నుంచీ ఆ నడుము చెప్పుకునేగా బతుకుతున్నావు!"

"నోర్ముయ్, ఎమెట్," అన్నాడు వర్జిల్.

క్లెమ్ కర్ర ఊతంగా లేచి బస్టాపు వైపు నడిచాడు. వర్జిల్ తన టికెట్ నా చేతిలో కుక్కి, అతని వెనకే వెళ్ళాడు. ఇద్దరిలో ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు.

పోతే పొమ్మనుకుని ఒక్కణ్ణే లోపలికి వెళ్ళాను. ప్రూయిట్ మైదానంలోకి దిగాడు. అందరితో పాటు నేనూ గొంతు చించుకుని అరిచాను. వర్జిల్ చెప్పిందే నిజమైంది. సగం ఆట, అంటే రెండు క్వార్టర్ల పాటు అటువైపు ఒక్క బంతీ రాలేదు. మూడో క్వార్టర్‌లో వచ్చింది. ప్రూయిట్ గాల్లోకి ఎగిరి దాన్ని పక్కకి కొట్టేశాడు. కింద పడుతూనే తొడ పట్టుకుని ముడుచుకుపోయాడు. లేవలేదు.

"నాటకాలాడకు, లే!" అని నా వెనక సీట్లోవాడు అరిచాడు.

వాడి గొంతు పట్టుకుందామని లేచాను. వాడు బిత్తరపోయి చూశాడు. మళ్ళీ కూర్చున్నాను. పొద్దున్నుంచీ నేనన్నదే కదా వాడూ అన్నాడు.

మూడు పాయింట్లతో గెలిచాం. కండరం ఎముక నుంచి ఊడిపోయిందనీ, అతను మళ్ళీ ఆడేదీ లేనిదీ చెప్పలేమనీ ఇంటికి వెళ్తుంటే రేడియోలో విన్నాను. జనం ఫోన్లు చేసి, అతన్ని ఇంకా ఉంచుకోవాలా వదులుకోవాలా అని అప్పుడే కొట్టుకుంటున్నారు. రేడియో కట్టేశాను.

మర్నాడు క్లెమ్ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసిన అతని భార్య మార్లిస్ లోపలికి రమ్మనలేదు. వెనక నుంచి క్లెమ్ వచ్చి వంటింట్లోకి దారిచ్చాడు.

"క్షమాపణలు చెప్పడానికైతే వద్దు," అన్నాడు.

"ఇంకోటుంది. ఆ రోజు నీ వంటింట్లో కూర్చున్నప్పుడు, ఫ్యాక్టరీ డాక్టర్ రాసిచ్చిన కాగితం నా జేబులోనే ఉంది. ఆరు వారాలు బరువు ఎత్తకూడదని. అది నాకు పంపారు, నీకు ఇమ్మని. నేనివ్వలేదు."

ఆ మాట అంతవరకూ ఎవరికీ చెప్పలేదు నేను.

మార్లిస్ కుర్చీ వెనక భాగాన్ని పట్టుకుంది. "రెండు వారాల్లో సర్దుకుంటుందని డాక్టరే అన్నాడని నాకు చెప్పావు నువ్వు," అంది. "ఇక్కడే. ఈ బల్ల దగ్గరే."

"అవును."

"ఇన్నాళ్ళూ నా పక్కన కూర్చుని సాసేజీలు తిన్నావు కదరా," అన్నాడు క్లెమ్. ఈసారి అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "నా ఖర్మ అనుకున్నాను. నా ఒళ్ళే చేతకానిదనుకున్నాను."

మార్లిస్ లోపలికి వెళ్ళి కాగితం, పెన్ను తెచ్చింది. "రాయి," అంది.

ఆ బల్ల దగ్గరే కూర్చుని అంతా రాశాను. తేదీ వేసి సంతకం పెట్టాను. మూతపడిన ఫ్యాక్టరీ మీద అది ఇప్పుడెందుకూ పనికిరాదని ముగ్గురికీ తెలుసు. క్లెమ్ నిలబడే రెండుసార్లు చదివాడు. ఎంత నొప్పిగా ఉందో అతని దవడ చూస్తే తెలుస్తోంది. కూర్చోమనే ధైర్యం నాకు లేకపోయింది.

"చెప్పి నువ్వు బరువు దించుకున్నావు. ఇప్పుడిది నేను మొయ్యాలి," అన్నాడు. "ఇక పో."

వచ్చేశాను. సీజన్‌లో ఇంకా రెండు మ్యాచులు మా ఊళ్ళోనే జరిగాయి. వర్జిల్ బండి అవతలి గేటు దగ్గర ఆపుతున్నాడని ఎవరో చెప్పారు. నేను వెళ్ళలేదు.