పాసైన మాట

కాలరు తిప్పి లోపలి కుట్టు చూసి, బొటనవేలితో పట్టీని అటూ ఇటూ లాగి, భుజం దగ్గర వేలాడుతున్న దారాన్ని కత్తెరతో టక్కున తెంపి, షర్టును పక్క గుట్టలోకి తోసింది బాణం అత్త. ఇంకోటి అందుకుంది. దీని కాలరు ఎడమ కొన కుడిదానికంటే మొద్దుగా ఉంది. మణికట్టుకు తగిలించుకున్న స్టిక్కర్ల చుట్ట నుంచి ఎర్ర బాణం ఒకటి ఒలిచి, తప్పున్న చోటికి మొన తిప్పి అంటించి, బల్ల కింది డబ్బాలో పడేసింది. ఆ బాణాల వల్లే ఆ పేరు వచ్చింది. అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరి నోటా వినపడదు. అప్పుడు కూడా అది తనదేనని గుర్తు రావడానికి ఆమెకు కాస్త సమయం పడుతుంది.

డబ్బాలో పడ్డ కాలరు కోడలిది. కోడలు ఫ్యాక్టరీలో అదే కుట్టు లైనులో, ఆమెకు ఎదురుగా, కాలర్ల మిషను మీద కూర్చుంటుంది.

"ఇంట్లో పెట్టే వంకలు చాలలేదా అత్తా?"

"నీ కూర మీద బాణం అంటదు పిల్లా. అందుకని ఇక్కడ అంటిస్తున్నా. విప్పి కుట్టు."

లైనంతా నవ్వింది. కోడలు కూడా మూతి తిప్పుకుంటూనే నవ్వింది.

కొడుకు లారీ మీద తిరుగుతూ ఎప్పుడో చుట్టపుచూపుగా వస్తాడు. ఉండేదల్లా వీళ్లిద్దరే. మొన్నటిదాకా మెట్ల కింద చీకటి గదిలో, ఒకరు పక్కకి తిరిగితే రెండోవారు లేవాల్సిన చోట ఉన్నారు. ఇద్దరి జీతాలూ చూపించి, బతిమాలి, పైన కిటికీ ఉన్న గది సంపాదించారు. ఆ కిటికీ దగ్గర ఎవరి చాప వేయాలన్న తగాదా ఇంకా తేలలేదు.

ఆ రోజు పొద్దున్నించే అత్తకు చిరాగ్గా ఉంది. నేలంతా కడిగారు. తుప్పు పట్టి తిరగని ఫ్యాన్లకు నూనె పోసి తిప్పారు. రోజంతా నిలబడి చేసే బల్లల వెనక కుర్చీలు తెచ్చి వేశారు. చల్లటి నీళ్ల యంత్రం ఒకటి ఎక్కడినుంచో వచ్చి గోడకు చేరింది. దాని తీగ దేనికీ తగిలించి లేదని అత్త మొదటి చూపులోనే కనిపెట్టింది.

సూపర్వైజరు కొత్త బట్టల్లో వచ్చి అందరినీ చుట్టూ చేర్చాడు. ఈ షర్టులు అమ్ముడయ్యే దేశంలో, వీటిని కుట్టేవాళ్లు ఎలా ఉన్నారని జనం అడుగుతున్నారట. వాళ్లకు చూపించడానికి చిన్న సినిమా తీస్తారట. అది షర్టులు కొనే పై కంపెనీవాళ్లకు నచ్చితే ఈ లైను ఉంటుంది, లేకపోతే తన చేతుల్లో ఏమీ లేదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాడు. మాట్లాడటానికి నమ్మకం కలిగించే మొహం కావాలన్నాడు. అందరూ బాణం అత్త వైపు తిరిగారు.

చెప్పాల్సింది ఒకటే మాట: ఈ ఫ్యాక్టరీ మాకు రెండో ఇల్లు.

మొదటిసారి హాజరు పలికినట్టు చెప్పింది. కెమెరా కుర్రవాడు మర్యాదగా ఇంకోసారి అన్నాడు. రెండోసారి నవ్వమంటే పంటి నొప్పి వచ్చినట్టు నవ్వింది. కూర్చుని చెప్పమన్నారు. కూర్చుంది. రోజంతా బరువు మోయడమే అలవాటైన కాళ్లను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అటూ ఇటూ జరిపింది.

"ఇన్నాళ్లూ ఈ కుర్చీలు ఎక్కడున్నాయండీ?" అంది సూపర్వైజరుతో.

"అత్తా, ఆ ముక్క ఒక్కటి చెప్పండి."

"చెప్తాను. ఇంట్లో అయితే బాత్రూముకి వెళ్లడానికి చీటీ రాయించుకోం కదా, అక్కడే నోరు తిరగడం లేదు."

కుర్రవాడు కెమెరా ఆపేశాడు. సూపర్వైజరు నుదురు పట్టుకున్నాడు. అవతల ఆమె బల్ల మీద షర్టుల గుట్ట గోడలా లేస్తోంది. ఈ రోజు సినిమా కదా అని టార్గెట్ ఎవరూ తగ్గించలేదు.

అబద్ధం ఆడటం ఆమెకు కొత్త కాదు. అద్దె అడగడానికొచ్చిన వాళ్లతో, అప్పిచ్చిన వాళ్లతో బోలెడన్ని ఆడింది. ఇది వేరు. తప్పు కళ్ల ముందు కనిపిస్తుంటే సరుకును అవతలికి తోయడం ఆమె చేతులకు రాదు. ఈ మాటకు ఎక్కడ తిప్పి చూసినా కుట్టు ఊడే ఉంది. దాన్ని నవ్వుతూ పాస్ చెయ్యమంటున్నారు.

కోడలు మిషను ఆపి వచ్చి, అత్త చెంగు సర్దుతున్నట్టు వంగి, చెవిలో అంది.

"కిటికీ గది అత్తా. అనేసెయ్. ఒక్క పూటకి ఆ బాణాలు దాచుకో."

అత్త కోడలి మొహం చూసింది. తర్వాత కెమెరా వైపు తిరిగి, ఎవరూ అడగకుండానే నవ్వి, ఆ మాట చెప్పింది. ఎంత బాగా చెప్పిందంటే కుర్రవాడు చప్పట్లు కొట్టాడు. అత్త లేచి తన బల్ల దగ్గరకు నడిచి, ఆ గుట్టలో తల దూర్చింది.

సాయంత్రం గంట మోగకముందే మిషన్ల మెయిన్ స్విచ్ ఆపేశారు. మిషన్లన్నీ ఒక్కసారి మూలిగి ఊరుకున్నాయి. సూపర్వైజరు కాగితం చూడకుండా, ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు. ఆర్డరు ఇంకో దేశానికి వెళ్లిపోయింది. ఈ లైను ఇవాళ్టితో సరి. మన దగ్గర తప్పులు మరీ ఎక్కువయ్యాయని పైవాళ్లు అన్నారట.

"ఎర్ర బాణాలు లెక్కేసుకున్నారమ్మా, నేనేం చెయ్యను" అన్నాడు.

లైను మొత్తం అత్తకేసి చూసింది. పొద్దున నవ్విన కళ్లే అవి. అత్త తన మణికట్టు మీది చుట్టను చెంగుతో కప్పుకుంది.

మిషన్లు బాగుచేసే ముసలాయన చేతుల జిడ్డు గుడ్డకు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు.

"ఆవిడకేసి ఎందుకు చూస్తారు? మిషన్లు ఓడెక్కించాలి, సిద్ధం చెయ్యమని నాకు ఎండాకాలంలోనే చెప్పారు. మీకు చెప్పొద్దన్నారు, నోరు మూసుకున్నాను. ఇవి మనకంటే ముందు ఇంకో దేశంలో ఉండేవి. రంగు గీకితే అడుగున వాళ్ల భాషలో రాతలున్నాయి. వాళ్లూ తప్పులే చేశారని చెప్పారట, ఇక్కడికి తెచ్చేటప్పుడు."

సూపర్వైజరు అది కాదనలేదు.

అత్త సరాసరి తీగలు చుట్టుకుంటున్న కుర్రవాడి దగ్గరకు వెళ్లింది.

"బాబూ, నేనన్న మాట చెరిపెయ్."

"నా దగ్గర లేదండీ. మధ్యాహ్నమే పంపించేశాం. అక్కడి షాపుల్లో వేస్తారు."

"లైనే లేదుగా నాయనా."

"సినిమా ఉంటుందండీ" అన్నాడు కుర్రవాడు. చాలా సహజంగా వచ్చిందని, చూసినవాళ్లు తప్పకుండా నమ్ముతారని, ఆమెను ఓదార్చడానికే చెప్పాడు.

"అది తప్పున్న సరుకు బాబూ" అంది అత్త. "నా చేతి మీదుగా పోయింది."

కుర్రవాడికి అర్థం కాలేదు. తల ఊపి, పెట్టె మూశాడు.

గేటు దగ్గర రోజూలాగే సంచులు దులిపి చూశారు, షర్టు ముక్క పట్టుకుపోతారేమోనని. ఇవాళ ఇంకాస్త ఎక్కువసేపు చూశారు. కోడలు తన సంచి భుజాన వేసుకుని నడుస్తూ అంది.

"నేనే కదా అనమన్నాను."

"నువ్వు అనమన్నావు, నేనన్నాను. నడు. ఉన్నన్నాళ్లు ఆ కిటికీ దగ్గర నువ్వే పడుకో."

వాళ్లు మలుపు తిరిగేసరికి వెనక హాల్లో దీపాలు ఆరిపోయాయి. కూర్చోవడానికి వేసిన కుర్చీలను అప్పటికే వ్యానులోకి ఎక్కించారు. కోడలి మిషను మీద, కరెంటు పోయిన చోటే సూది దిగబడి, సగం కుట్టిన కాలరొకటి మిగిలిపోయింది.