నలభై ఎనిమిదో నంబరు

ఉదయం పూట మా ఇంట్లో రెండు కుక్కర్ విజిళ్ల మధ్య నేను తప్పకుండా అనే మాట ఒకటుంది. "ఏమండీ, ఓటీపీ వచ్చిందా?"

ఆఫీసు హాజరు యాప్‌లో నా పేరుకి ఎదురుగా ఉన్నది మా ఆయన యుగంధర్ నంబరు. ఆయన తీరిగ్గా గడ్డం గీసుకుంటూ ఒక్కో అంకె చెబుతారు. పిండి చేతులతో నేను నొక్కుకుంటాను. పన్నెండేళ్ల కిందట ఉద్యోగంలో చేరినప్పుడు ఫారం ఆయనే నింపారు. "నా నంబరైతే సేఫ్" అన్నారు. మా అత్తగారు ఆండాళమ్మ ఇంకో అడుగు ముందుకేసి, "ఆడదానికి యేరే నంబరెందుకే? పిలిచీవోలెవులు?" అన్నారు. నేనూ నవ్వాను. నవ్వేస్తే పని తొందరగా తెములుతుందని అప్పటికే నేర్చుకున్నాను. నా చేతిలో ఫోను ఉంది గానీ, దాని సిమ్మూ ఆయన పేరు మీదే.

నవా రాయ్‌పూర్‌లోని మా ఆఫీసు ఒంటరి ఆడవాళ్ల పింఛను దరఖాస్తులు చూస్తుంది. పోయినేడు మాకు ఏఐ వచ్చింది. అది దరఖాస్తు చదివి, అనుమానం కలిగితే ఎర్ర గుర్తు పెడుతుంది. ఆ గుర్తు సరైనదేనని 'అంగీకారం' అన్న బటన్ మేం నొక్కితే దరఖాస్తు తిరస్కారమే, ఆ మనిషి పని అయిపోయినట్టే. "కంప్యూటర్ చెప్పాక మనమెవరం నీలిమా? నొక్కేసి, అలాగే చాయ్ చెప్పిరా" అనేవారు పక్క సీటు రామమూర్తి గారు. చాయ్ చెప్పడం, మీటింగుల్లో నోట్సు రాయడం, ఎవరిదైనా పుట్టినరోజైతే కేకు తెప్పించడం నా ఉద్యోగ పత్రంలో ఎక్కడా లేవు. ఇంటి పనులే నా కొంగు పట్టుకుని ఆఫీసుదాకా వచ్చేశాయేమో.

అలాంటి చోటికి మాలతీ దేవాంగన్ మేడం వచ్చారు. ఇక్కడికి దగ్గరే, ఆరంగ్ పక్క పల్లెలో పుట్టిన మనిషి, తెలుగు రాదు. ఏఐని బాధ్యతగా ఎలా వాడాలో మా శాఖకి నియమాలు రాసే పని ఆవిడకి అప్పగించారు. ఆవిడ చేసిన మొదటి పని, తన బల్లకి ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ వేయించడం. "మనం ఎవరిని కాదంటున్నామో ఆమె ఇందులో కూర్చుని ఉందనుకోండి. ఎందుకు కాదో ఆమె మొహం చూసి చెప్పగలిగితేనే నొక్కండి. నొక్కిన వాళ్లు కారణం రాసి, కింద తమ పేరు రాయండి" అన్నారు. ఆవిడ వెనకాల అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఒక పెద్ద అధికారి అలా మాట్లాడటం వినడం నా జీవితంలో అదే మొదటిసారి. ఆవిడంటే నాకు ఆ పూటే ఇష్టం కలిగింది.

ఒకరోజు రాయ్‌పూర్‌లోని గుఢియారీ బస్తీ నుంచి వచ్చిన నలభై ఏడు దరఖాస్తులకు ఒకేసారి ఎర్ర గుర్తు పడింది. నలభై ఏడింటిలోనూ ఒకే ఫోన్ నంబరు. బ్రోకరు ముఠా అని ఏఐ తేల్చింది. సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫున వచ్చినతను "చూశారా మేడం, మనుషులైతే పట్టుకోగలిగేవారా?" అని మురిసిపోయాడు. రామమూర్తి గారి వేలు అప్పటికే బటన్ మీద ఉంది. నాకెందుకో పొద్దుటి ఓటీపీ గుర్తొచ్చింది. మా ఇంట్లో రెండు పేర్లకి ఒకే నంబరు. మేం ముఠాయా? పన్నెండేళ్లలో మొదటిసారి, అడగకుండానే నోరు విప్పాను. "మేడం, ఒకసారి వెళ్లి చూస్తే?"

ఆవిడ నా వైపు చూసి, "చలో" అని లేచారు.

రైలు పట్టాల పక్క గల్లీలో ఆ నంబరు మనిషి ఇడ్లీ బండి దగ్గర దొరికింది. పేరు శేషమ్మ, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ముసలమ్మ. ఫోను రొమ్మున దోపుకుంది. నేను తెలుగులో పలకరించేసరికి మొహం విప్పారింది.

"మా ఇళ్లల్లో ఫోన్లన్నీ మగోళ్లియే తల్లీ. కొడుకుదో, మరిదిదో. ఆళ్ల నంబరు ఇత్తే కబురు ఆళ్ల జేబులోనే ఉండిపోద్ది. అందుకే అందరం నా నంబరే రాయించినాం. మోగిందంటే ఇడ్లీ పాత్ర దించేసి పరిగెడతాను. ఎవులి కబురు ఆళ్ల సెవిలోనే ఏస్తాను."

"మెసేజీ వస్తే?" అని మేడం హిందీలో అడిగినదాన్ని నేను తెలుగులో చెప్పాను.

"కిరానా కొట్టు బంగారమ్మ సదివిపెడతాది. నాకు సదవడం రాదు గానీ, నలభై ఏడు గుమ్మాలూ నాకు కంఠతా వచ్చు."

నేను హిందీలో చెప్పగానే మేడం కళ్లు తడి అయ్యాయి. నావీ అయ్యాయి, దాచుకోలేదు. ఏఐ ముఠా అన్నది ఈ మనిషినే. డెబ్భై ఏళ్ల కాళ్లతో నలభై ఏడు ఇళ్లకి తిరిగే ఈ మనిషికి ఎవరైనా దండం పెట్టాలి.

నియమాలు ఖాయం చేసే కమిటీ ముందు మేడం ఆ సంగతి తను చెప్పలేదు. "కనిపెట్టింది నీలిమ, ఆవిడే చెప్తారు. రామమూర్తి గారూ, చాయ్ సంగతి మీరు చూడండి" అన్నారు. లేచి నిలబడి అంతా చెప్పాను. ఆ వారమే నియమం మారింది. ఒకే నంబరు ఉండటం తప్పు కాదు, మనిషి చూడకుండా ఎవరికీ 'కాదు' అని చెప్పకూడదు, ఎందుకు కాదో ఆమెకి తెలిసే మాటల్లో చెప్పాలి. నలభై ఏడు దరఖాస్తులూ నడిచాయి. ఎర్ర గుర్తులన్నీ చూడటానికి కొత్త విభాగం పెట్టి, నన్ను అందులో వేయమని మేడం రాశారని తెలిసి గాల్లో తేలిపోయాను. పిలుపు కోసం నాలుగు రోజులు ఎదురుచూశాను.

అయిదో రోజు ఆవిడే పిలిచి, నొచ్చుకుంటూ, "వద్దని ఎందుకు జవాబిచ్చావ్?" అన్నారు.

నేనా?

ఇంటికి వెళ్లి అడిగితే యుగంధర్ టీవీ మీద నుంచి చూపు తిప్పలేదు. "అవును, మీ ఆఫీసు నుంచి నా ఫోనుకి మెసేజ్ వచ్చింది. సాయంత్రాలు ఆలస్యమవుతుందన్నారు. అమ్మకి మందులెవరిస్తారు? నీ మంచికే వద్దన్నాను."

"నన్నడగలేదేం?"

"అడిగితే మాత్రం నువ్వేమంటావ్? అదే అంటావ్."

అందులో అబద్ధం లేదు, నన్ను కోసింది కూడా అదే. పన్నెండేళ్లుగా నేను ఏం చెబుతూ వచ్చానో చూసి, ఇప్పుడు నా బదులు ఆయనే చెప్పేశారు. ఏఐ చేసేదీ అదే. కానీ మా ఆఫీసులో ఏఐకి ఆ హక్కు లేదు. నలభై ఏడుగురి కోసం అడ్డం పడ్డ నేను నా ఒక్కదాని కోసం ఎప్పుడూ అడ్డం పడలేదు. ఆయన మీదకన్నా నా మీదే ఎక్కువ కోపం వచ్చింది.

మర్నాడు ఆఫీసు రికార్డులో నంబరు మార్చబోతే ఓటీపీ పాత నంబరుకే వెళ్తుందని వచ్చింది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మేడం గదిలోకి వెళ్లాను. "వద్దన్నది నేను కాదు. నేను వస్తాను" అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగకుండా కొత్త విభాగంలో చేరే కాగితపు ఫారం తీసి, ఎదుటి ఖాళీ కుర్చీ చూపించారు. నేను ఇన్నాళ్లూ ఎవరికోసమో అనుకున్న కుర్చీ అది. కూర్చున్నాను.

పేరు రాశాను. సంతకం పెట్టాను. నంబరు దగ్గర కలం ఆగింది. నా చేతిలో ఉన్న ఫోనుదీ ఆయన పేరు మీది నంబరే. సాయంత్రం నా పేరు మీద సిమ్ కొనుక్కుంటాను, అది నిశ్చయం. కానీ ఈ గడి ఇప్పుడే నిండాలి. అక్కడి నుంచే ఫోన్ చేశాను.

"శేషమ్మా, నేను నీలిమని. రెండు రోజులకి నీ నంబరు ఇంకొకరు రాసుకోవచ్చా?"

వెనకాల గూడ్సు బండి వెళ్తున్న చప్పుడు. "రాసుకోమను తల్లీ. ఏ గుమ్మమో సెప్పు."

"నాదే" అన్నాను.