నీలిమందు పట్టించిన దొంగ

నేను ఒక రబ్బరు వాషరును. అరచేతిలో సగం కూడా ఉండను. హైదరాబాదు శివారులో ఒక రేకుల షెడ్డులో వేడి అచ్చు నన్ను ఒక్క నొక్కు నొక్కి బయట పడేసింది. అక్కణ్ణుంచి రామచంద్రపురం వచ్చి, హార్డ్‌వేరు కొట్టులో మేకుకి ఏడాది వేలాడి, చివరికి గంగరాజు ఇంటి ఫ్లష్ ట్యాంకు అడుగున చేరాను. నా పని ఒకటే. ఎవరూ ఫ్లష్ నొక్కనంతసేపూ ట్యాంకులో నీళ్ళు కమోడ్‌లోకి జారకుండా కాయడం.

ఆరేళ్ళు కాశాను. బోరు నీళ్ళ ఉప్పు గారకట్టి నా అంచు ఒకచోట గట్టిపడి పైకి లేచింది. ఆ సందులోంచి నీళ్ళు చప్పుడు లేకుండా జారిపోయేవి. తెల్లారేసరికి డాబా మీద ట్యాంకు ఖాళీ. మనుషులు పెద్దవాటినే అనుమానిస్తారు. గంగరాజు ఫ్లోటు మార్చాడు, కుళాయిలు మార్చాడు. ప్లంబరు గోడకి చెవి ఆనించి, "లోపల పైపు పోయిందండి, టైల్సు పగలగొట్టాలి" అన్నాడు.

ఆ మాట గంగరాజు తల్లి అచ్చియ్యమ్మ మెడకి చుట్టుకుంది.

"రేపట్నుంచి ఈ కమోడ్‌కి నీళ్ళు ఆపేత్తానమ్మా. పెరట్లో దొడ్డి ఉంది గదా, అక్కడికెళ్ళు."

"అక్కడ గొంతుక్కూర్చోవాలి గదరా. ఈ మోకాళ్ళతో కూలబడితే నువ్వొచ్చి లేపుతావా?"

అచ్చియ్యమ్మ నలభయ్యేళ్ళు వరిచేలు చేసిన మనిషి. మడిలో నీళ్ళు నిలవకపోతే పీత బొక్క వెతుకుతుంది గాని గట్టంతా తవ్వదు. కోడలు సుభాషిణిని అడిగి బట్టల నీలిమందు సీసా తీసుకుంది. ఫ్లష్ ట్యాంకు మూత ఎత్తించి సగం సీసా వంపింది.

"కమోడ్ తెల్లగానే ఉంది గదండి అత్తయ్యగారూ, దానికీ నీలిమందు పెడతారా?" అంది సుభాషిణి.

"చూత్తా ఉండవే. ఓ గంట ఎవరూ ఫ్లష్ నొక్కడానికి లేదు."

స్టూలు వేయించుకుని గుమ్మంలో కూర్చుంది. చూపు తిప్పలేదు. అరగంటకి కమోడ్ లోపలి తెలుపు మీద సన్నటి నీలం చార దిగింది.

"ఒరే గంగా, ఇలా రా. గోడలో పైపు పోతే నీలం ఈ ట్యాంకులోనే ఉండాలి. ఇందులోకి ఎందుకొచ్చిందిరా?"

గంగరాజు వాల్వు కట్టేసి, ట్యాంకు విప్పి, అడుగునుంచి నన్ను పైకి లాగాడు. అచ్చియ్యమ్మ గోటితో నా అంచు చుట్టూ రాసింది. లేచినచోట గోరు ఆగింది.

"ఇదిగో, ఇక్కడ."

అతను బజారుకెళ్ళి కొత్త వాషరు తెచ్చి బిగించాడు. ఆవిడ నమ్మలేదు. మిగిలిన నీలిమందు కూడా పోయించి మళ్ళీ గంట కూర్చుంది. ఈసారి కమోడ్ తెల్లగానే ఉండిపోయింది.

"ఇంక నీళ్ళు ఆపన్లే," అన్నాడు గంగరాజు, గుమ్మానికి అడ్డంగా నిలబడి. "పట్టుకోడానికి గోడకి ఓ కమ్మీ కూడా కొట్టించనా అమ్మా?"

"అది రేపు చూద్దాం. ముందు నువ్వు అడ్డు లే. పొద్దుట్నుంచి ఆపుకుని కూర్చున్నాను."

తలుపు గడియ పడింది. కాసేపటికి నీలం నీళ్ళన్నీ ఒక్క ఊపున పోయిన చప్పుడు, వెనకే కొత్తవాడు టపుక్కున మూతపడిన చప్పుడు. చెత్తబుట్టలో పడి ఉన్న నాకు కాస్త సిగ్గేసిన మాట నిజం.