ఎడమ చక్రం

చంద్రు జీపు ఏ సంవత్సరంలో పుట్టిందో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఎప్పుడో మిలిటరీవాళ్ళు వేలం వేసిన బండి. ఇంజను ఒక ఊరి నుంచి, గేరుబాక్సు ఇంకో ఊరి నుంచి వచ్చి చేరాయి. అయినా నలుగురు స్నేహితులకు అదంటే ప్రాణం. ఆదివారం వస్తే చాలు, బాగేపల్లి పొలిమేరలో దేవరాజ్ షెడ్డులో వాలిపోతారు. చంద్రు, దేవరాజ్, నందీశ్ ముగ్గురిదీ ఆ ఊరే. చింతామణిలో కిరాణా అంగడి నడిపే పురుషోత్తమ్ మాత్రం బైకు మీద వస్తాడు. ఒక ఆదివారం గుట్టల మీద జీపు ఎముకలు విరగ్గొట్టడం, మరో ఆదివారం దాని కింద పడుకుని కట్లు కట్టడం. ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎంత తిట్టినా సిగ్గులేదు.

వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి చక్రం వాళ్ళది. ఒకరు బిగించిన నట్టు మీద ఇంకొకరు చెయ్యి వేయకూడదు. వేస్తే నీ మీద నాకు నమ్మకం లేదని మొహం మీద అన్నట్టే. కిందటేడు పురుషోత్తమ్ బిగించిన నట్టును నందీశ్ ఊరికే కదిపి చూశాడని ఇద్దరికీ నెలరోజులు మాటల్లేవు. పెళ్ళాం పిల్లలున్న మగవాళ్ళు!

పురుషోత్తమ్‌ది కుడివైపు ముందు చక్రం. ఆ ఆదివారం బ్రేకు లైనర్లు మార్చారు. నందీశ్ రాలేదు కాబట్టి అతని ఎడమవైపు ముందు చక్రం కూడా పురుషోత్తమే చూసుకున్నాడు. జాకీ మీద ఉండగా నట్లను ఒక మోస్తరుగా బిగించి, జాకీ దించాక పానా మీద కాలుపెట్టి తొక్కి గట్టి చేశాడు. దేవరాజ్ తల్లి అంజనమ్మ రాగిముద్దలు చల్లారిపోతున్నాయని అప్పటికే రెండుసార్లు కేకేసింది. తినగానే చంద్రు భార్య రంజితను, కూతురు సహనను ఎక్కించుకుని చిక్కబళ్ళాపురంలోని మరదలి ఇంటికి బయలుదేరాడు. పురుషోత్తమ్ చేలూరు దారిన ఇంటిముఖం పట్టాడు.

దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగాడు. పెట్రోలు పట్టిన మనిషి ట్యాంకు మూత కుడివైపుకు తిప్పి బిగించాడు. ఆ చేతిని చూస్తూనే పురుషోత్తమ్ గుండె జారిపోయింది.

ఆ పాతకాలపు జీపుకు ఎడమవైపు చక్రాల మర తిరగేసి ఉంటుంది. లోకమంతా బిగించే వైపు తిప్పితే అవి వదులవుతాయి. జాకీ మీద ఉన్నప్పుడు సరిగ్గానే తిప్పాడు, లేకపోతే నట్లు ఎక్కవు కదా. కానీ చివర్లో, కాలితో తొక్కింది ఏ వైపుకు? అంతకుముందే కుడి చక్రం బిగించిన కాలు అది. కిర్రుమని శబ్దం వచ్చిన మాట నిజమే. బిగిసేటప్పుడూ కిర్రుమంటుంది, పట్టు వదిలేటప్పుడూ కిర్రుమంటుంది.

చంద్రుకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. ఆ జీపు రొదలో పక్కన పిడుగు పడినా వినపడదు. రంజిత నంబరు దేవరాజ్‌ను అడగవచ్చు. అడిగితే ఎందుకని అంటాడు, సాయంత్రానికి నందీశ్‌కు తెలుస్తుంది. ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వెనక కారువాడు హారన్ కొడితే గానీ తను ఏం చేస్తున్నాడో తెలియలేదు. ఛీ అనుకుని బండి వెనక్కి తిప్పాడు.

బాగేపల్లి దాటి హైవే ఎక్కాక బైకును ఎన్నడూ తోలనంత వేగంగా తోలాడు. కళ్ళు మాత్రం రోడ్డు అంచునే వెతుకుతున్నాయి. నట్టు కనిపిస్తుందేమోనని ఒక భయం, చక్రమే కనిపిస్తుందేమోనని ఇంకో భయం. సహన ఎప్పుడూ ముందు సీట్లో తల్లి ఒడిలోనే కూర్చుంటుంది. ఒకచోట జనం గుమిగూడి ఉన్నారు. దగ్గరికి పోతే పక్కకు ఒరిగిన టమాటాల లారీ. టమాటాలు ఏరుకుంటున్న వాళ్ళను చూసి ఏడుపొచ్చినంత పనైంది.

పేరేసంద్ర దగ్గర ఎళనీరు అమ్మేచోట జీపు నిలబడి ఉంది. నాలుగు చక్రాల మీదే నిలబడి ఉంది.

"ఏమన్నా, ఇట్ల పరిగెత్తుకోనొస్తివి?" అన్నాడు చంద్రు, చేతిలో కొబ్బరి బోండాంతో.

పురుషోత్తమ్ బైకు దిగాడు. నేరుగా పోయి ఎడమ చక్రం ముందు కూలబడ్డాడు. ఒక నట్టు లేనేలేదు. మిగతావి వేళ్ళతోనే తిరిగాయి.

"చంద్రూ, తిరగేసి తొక్కితినప్పా. నాదే తప్పు," అన్నాడు.

చంద్రు మొహంలో నెత్తురు లేదు. "శబ్దమైతే వస్తానే ఉండాదన్నా," అని మాత్రం అన్నాడు.

రంజిత సహనను చంకనెత్తుకుని వచ్చింది. నట్లు చూసింది. "బాగేపల్లి దాటినప్పటి నుంచి చెప్తానే ఉండాను, ముందర టకటక అంటాండాది, నిలిపి చూడమని. ఈ మనిషి ఏమనె తెలుసునా? అది పురుషోత్తమన్న బిగించిన చక్రం, చూసే పనే లేదు అనె."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది పురుషోత్తమ్‌కు. జీపులోంచి పానా తీసుకుని ఉన్న నట్లను బిగించాడు. చెమటకు పానా జారిపోతోంది. లేచి దాన్ని చంద్రు ముందుకు చాపాడు. "ఒకతూరి నువ్వు చూడప్పా."

చంద్రు చెయ్యి చాపలేదు. "నువ్వు బిగిస్తివి కదన్నా, చాల్లే."

పానా రంజిత అందుకుంది. బిడ్డను మొగుడి చేతికిచ్చి, కొంగు దోపుకుని చక్రం ముందు గొంతుక్కూర్చుంది.

"ఏ పక్కకు తిప్పాలన్నా?" అని అడిగింది.

పురుషోత్తమ్ నోరు తెరిచాడు. మళ్ళీ మూసి, తన చేతిని గాలిలో ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిప్పి చూసుకున్నాడు.