నుదుటి వెనక మచ్చ

బరంపురంలో స్కానింగు సెంటరు మెట్ల మీద పుణ్యవతి కాళ్లు చాపుకుని కూర్చుంది. పొడంపేట నుంచి బస్సులో నిలబడి వచ్చిన అలసటైతే ఒక కునుకుతో పోయేది. ఇది అలాంటిది కాదు, కాపురంతో పాటు ఒంట్లో చేరినది. పక్కన అత్త ముసలమ్మ దేవుళ్లందరికీ పేరుపేరునా దండాలు పెడుతోంది. లోపల ఫిల్ము తీయించుకుంటున్నది ఆమె కొడుకు, పుణ్యవతి మొగుడు గురువులు. చేతికి బేడీలున్నా, గుమ్మం దగ్గర కానిస్టేబులుకి, అయ్యగారూ అన్నట్టు ఒడియాలో "ఆజ్ఞా, ఆజ్ఞా" అంటూ ఎంత వినయంగా దారిచ్చాడో!

పుణ్యవతి కాపురానికొచ్చిన ఏడాదే, చేపల వేటలో అల లేచి తెప్ప తిరగబడి, దాని దుంగ గురువులు నుదుటికి తగిలింది. బతికి లేచాక పెళ్లాం మీద చెయ్యి చేసుకోవడం మొదలెట్టాడు. ఊరంతా ఒకే మాట పట్టుకుంది: "ఆడు కొట్టట్నేదే, ఆ దెబ్బ కొట్టిస్తంది." తిలాపాపం తలా పిడికెడు. పుణ్యవతీ అదే నమ్ముకుంది. నమ్మక ఏం చేస్తుంది? మొగుడు కావాలని కొడుతున్నాడనుకుంటే ముద్ద దిగదు. దుంగ కొట్టిస్తోందనుకుంటే ఎలాగో దిగుతుంది.

పోయిన నెల ఆమె అన్న లక్ష్ముడు చెల్లెల్ని తీసుకుపోదామని మార్కండి నుంచి వచ్చాడు. "రా బావా, కూకుని మాటాడుకుందాం" అంటూ గురువులు అతన్ని లోపలికి పిలిచాడు. తలుపు మూసి గెడ పెట్టాడు. తెడ్డు తీశాడు. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే అదే. లక్ష్ముడు ఇంకా మంచం మీదే ఉన్నాడు. చెల్లెలి పేరు కూడా పలకలేడు.

గురువులు తరఫు ప్లీడరు వైకుంఠరావు ఫిల్ము కవరు ఊపుకుంటూ బయటికొచ్చాడు. పెళ్లి సంబంధం కుదిర్చినంత సంబరం ఆయన మొహంలో.

"మచ్చ ఉందమ్మా, సరిగ్గా నుదుటి వెనకాలే! దెబ్బ తగిలాక మనిషి మారిపోయాడు, ఏం చేస్తున్నాడో తనకే తెలీదు అని నువ్వు కోర్టులో చెప్పు చాలు. జైలు తప్పించి వైద్యానికి పంపమని అడుగుతాను. తొందర్లోనే ఇంటికొచ్చేస్తాడు."

ఇంటికి. ఆ మాట విన్నాక పుణ్యవతికి మిగతాదేదీ వినపడలేదు. ఆ వెనకే డాక్టరు టీ కోసం బయటికొస్తే ఆయన్నే అడిగింది. "బాబూ, మా అన్నని కొట్టింది ఆ మచ్చేనా?"

పొద్దుట్నుంచీ ఫిల్ములు చూసీ చూసీ ఆయన కళ్లు కూడా లోతుకు పోయాయి. "మచ్చ ఉందని చెప్పగలనమ్మా. దానివల్ల కోపం ఆపుకోవడం కష్టం కావచ్చు. అంతకుమించి ఫిల్ము చెప్పదు. ఇలాంటి మచ్చతోనే ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా బతికేవాళ్లూ ఉన్నారు."

ఆటో పిలవడానికి ప్లీడరు రోడ్డు మీదికెళ్లాడు. ముసలమ్మ కోడలి గెడ్డం పట్టుకుంది.

"సెప్పే తల్లీ. తప్పంతా ఆ దెబ్బదేనని సెప్పు. నా కొడుకు నాకు దక్కుతాడు."

"అత్తా, ఒకటి అడుగుతాను. నీ కొడుకు నన్నెప్పుడైనా ఈదిలో కొట్టినాడేటి?"

"నేదు."

"ముందు గెడ పెట్టీవోడు. రేడియో సౌండు పెంచీవోడు. రైక కప్పినకాడే కొట్టీవోడు. తెల్లారితే నాను గంజాం బజారులో సేపలమ్మాలి కదా, అందుకని మొకమ్మీద ఒక్క దెబ్బ పడనిచ్చీవోడు కాడు. ఆ మచ్చకి ఇయన్నీ ఎవులు నేర్పినారత్తా?"

ఇన్నేళ్లూ తన ఒంటి మీదే ఉన్న సంగతి తన నోటి నుంచే వినేసరికి పుణ్యవతికి ఏడుపొచ్చింది. మచ్చ నిజమే. దెబ్బా నిజమే. కానీ ఆ గెడ పెట్టిన చెయ్యి మాత్రం మొగుడిదే. అత్త శాపనార్థాలు మొదలెడుతుందని తలొంచుకుంది.

ముసలమ్మ తిట్టలేదు. కోడలి గెడ్డం వదిలేసి రోడ్డు వైపు తిరిగింది.

"మీ మావ తలకి ఏ దెబ్బా తగల్నేదే," అంది. "ఆడూ ముందు గెడ పెట్టీవోడు. నా కొడుకప్పుడు ఇంతోడు. మూల కూకుని సూసీవోడు."

ఆటో వచ్చింది. ప్లీడరు చెయ్యి ఊపాడు. ముసలమ్మ మోకాళ్ల మీద చేతులానించి లేచి, కోడలి రెక్క పట్టుకుని లేపింది.

"ఎల్లు. కోర్టులో గెడ సంగతి కూడా సెప్పు," అని కొంగు నోట్లో కుక్కుకుంది.